బైండింగ్ వైరు చుట్టిన కానుగ

మా బోటనీ మాస్టారు పోయారన్న సంగతి నాకు ఫ్లెక్సీ చూస్తే తెలిసింది. గవర్నర్‌పేటలో ఆయన గేటు ముందున్న కానుగ చెట్టుకు దాన్ని కట్టారు. పైన మాస్టారి ఫోటో. కింద అంతకంటే పెద్దగా, దండం పెడుతూ, ఎదురుగా ఉన్న బట్టల షాపు యజమాని. బైండింగ్ వైరు బెరడులోకి దిగేలా బిగించారు. నా చూపు ఫోటో మీద కాదు, ఆ వైరు మీదే ఆగింది. ఎందుకో చెప్తాను.

ఇంటర్‌లో, చెట్టులో నీళ్లూ ఆహారమూ ఎలా ప్రయాణిస్తాయనే పాఠానికి మాస్టారు బోర్డు మీద బొమ్మ వేయలేదు. హాస్టల్ వెనక బట్టలారేసే తీగ చుట్టుకుని బిగుసుకుపోయిన వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లి, తడిమి చూడమన్నారు. తీగకు పైన ఉబ్బుగా, కింద సన్నగా తగిలింది.

“నీళ్లు చెక్కలోంచి పైకెక్కుతాయి. ఆకులు వండిన చక్కెర బెరడు లోపలి పొరలోంచి కిందికి దిగుతుంది. ఇక్కడ ఆ దారి మూశారు. పైన పచ్చగానే ఉంటుందిరా, కింద వేళ్లు పస్తులుంటాయి” అన్నారు.

రిటైరయ్యాక రోజూ పొద్దున్నే గుడ్డసంచిలో కటింగ్ ప్లేయరు వేసుకుని బయల్దేరేవారు. ఫ్లెక్సీలు చిరిగిపోయినా చెట్లకు మిగిలే తీగల్ని తుంచేవారు. షాపులవాళ్లు “లైన్‌మేన్ గారొచ్చారు” అని నవ్వేవారు. “నేను కరెంటు తీయను బాబూ, ఇస్తాను” అనేవారు ఆయన.

నేను పేపర్లో విలేకరిగా చేరాక ఒకసారి నన్ను పిలిపించారు. బట్టల షాపు బోర్డుకు అడ్డొస్తున్న చెట్టుకు ఎవరో చుట్టూతా జానెడు వెడల్పున బెరడు ఒలిచేశారు. వార్త రాయమన్నారు. నేను తలెత్తి చూశాను. కొమ్మ కొమ్మా నిండుగా ఉంది.

“పచ్చగానే ఉంది కదండీ, ఏమని రాయను?” అన్నాను. కళ్లతో చూసిందే రాస్తానని నాకో గర్వం. “పాఠం విన్నావనుకున్నాను” అన్నారు ఆయన. మరుసటి వేసవికి ఆ చెట్టు ఎండింది. ప్రమాదమని చెప్పి కొట్టేశారు. బోర్డు ఇప్పుడు చౌరస్తా దాకా కనిపిస్తుంది.

ఆ వీధిలో ఇక మిగిలింది ఈ కానుగ ఒక్కటే. మాస్టారు చివరి రెండేళ్లూ మంచం మీదే ఉన్నారు.

నేను ఇంట్లోకి వెళ్లి మాస్టారి భార్యను పలకరించాను. ప్లేయరు అడిగితే సంచితో సహా ఇచ్చారు. తీగ తుంచుతుంటే షాపాయన రోడ్డు దాటి వచ్చాడు. మాస్టారి మీద గౌరవంతో కట్టించామని, పెద్దకర్మ దాకా ఉండనివ్వమని అడిగాడు. నేను చివరి ముడి కూడా తుంచాను. ఫ్లెక్సీ జారి కింద పడింది.

దాని వెనక మరో తీగ ఉంది. ఏ పండగ బ్యానర్‌దో, తుప్పుపట్టి బెరడులోకి దిగిపోయింది. ఒక్కచోట మాత్రమే బయటికి కనిపిస్తోంది. పైన ఉబ్బు, కింద సన్నం. మాస్టారు మంచం పట్టాక కట్టినదే అయ్యుండాలి.

“వదిలేయండి సార్, చెట్టు పచ్చగానే ఉంది కదా” అన్నాడు షాపాయన.

నా మాటే. అతని మీద ఎంత రోత పుట్టిందో, నా మీద నాకూ అంతే పుట్టింది.

లోపలికి దిగిన తీగను లాగకూడదని, లాగితే బెరడు ఊడొస్తుందని, కనిపించినచోట తుంచి వదిలేయాలని మాస్టారు చెప్పేవారు. అలాగే చేశాను. టప్పుమంది. తెగిన రెండు కొసలూ గోరంత ఎడంగా జరిగాయి.