పగుల్లోకి దిగిన రంగు

అర్సేనియో మేస్త్రి అంటే మా సాంతియాగో ఊరి టాక్సీ డ్రైవర్లకి భయమూ భక్తీ. మేం నడిపేవి తాతల కాలం నాటి అమెరికా కార్లు. వాటిలో ఉన్నవి మాత్రం ఏ వ్యానులోంచో, ఏ ట్రాక్టరులోంచో ఊడదీసి తెచ్చిన డీజిల్ ఇంజన్లు. వాటిని ఛాసీకి పట్టి ఉంచే మౌంటింగులు ఏ కొట్లోనూ దొరకవు. ఇనుప పలకలు కోసి, వెల్డింగు పెట్టించి, మధ్యలో లారీ టైరు రబ్బరు బిగించి మేమే చేసుకుంటాం. అవి ఆగుతాయో లేదో అర్సేనియో తేల్చాలి. సర్కారు వారి పరీక్ష తర్వాతి సంగతి. ఆయన తల అడ్డంగా ఊపితే ఆ బండి బయటకు తీసే మొనగాడు లేడు.

బ్రేకు తొక్కించి, గేరు వేయించి, క్లచ్ మెల్లగా వదలమంటాడు. ఇంజన్ ఎంత ఒరిగిందో వేళ్లతో కొలుస్తాడు. రెండు వేళ్లు దాటకూడదు. తర్వాత కారు కిందకు దూరి, విరిగిన రంపపు ముక్కతో వెల్డింగుల మీది రంగు గీకుతాడు.

"పౌడరు కొట్టుకొచ్చిన మొహం నాకెందుకురా? కడుక్కొచ్చిన మొహం చూపించు," అని కసురుతాడు.

సర్కారు పరీక్షకు ముందు కారు అడుగంతా నల్లరంగు పూయడం మా అందరికీ ఉన్న జబ్బు. కిందటేడు నేనూ పూస్తున్నాను. ఎడమ మౌంటింగు వెల్డింగు పక్కన వెంట్రుకంత పగులు కనిపించింది. విప్పి మళ్లీ వెల్డింగు పెట్టించే లోపు పరీక్ష తేదీ దాటిపోతుంది. కుంచె ఇంకోసారి ముంచి దాని మీద పూసేశాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఆ మధ్యాహ్నం అర్సేనియో బండి చూడ్డానికి వచ్చాడు. నా కూతురి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడింది ఆయనే. ఆ రోజు నుంచి మేం ఒకరికొకరం కొంపాద్రెలం. కొంపాద్రెతో అబద్ధమాడితే మా వైపు మనిషి కింద లెక్కకట్టరు. ఇంజన్ రెండు వేళ్ల లోపే ఒరిగింది. రంపపు ముక్క తీసి, నా కొత్త రంగు చూసి ఆగాడు.

"ముచ్చటగా వేశావురా, గీకబుద్ధి కావట్లేదు. వేసే ముందు వెల్డింగులు చూసుకున్నావా, కొంపాద్రే?"

"అన్నీ చూశా. గట్టిగా ఉన్నాయి."

"సరే, కాఫీ పెట్టించు మరి," అని రంపపు ముక్క జేబులో పెట్టేసుకున్నాడు.

నాలుగో వారం, ఎత్తు వీధి ఎక్కుతుంటే ఆ మౌంటింగు తెగింది. ఇంజన్ ఒక పక్కకు లేచి యాక్సిలరేటరు తీగను లాగేసింది. కారు ఒక్కసారిగా ఉరికింది, ఇక నా చేతుల్లో లేదు. గోడను గుద్దింది. వెనక సీట్లో ఉన్న ప్యాసింజరు, ఒదాలిస్ టీచరు కుడిచెయ్యి విరిగింది.

"ఈ బండి పాస్ చేసిన మహానుభావుడెవరు?" అన్నారెవరో.

నేను తల వంచుకుని టీచరు చెయ్యికి గుడ్డ కట్టసాగాను. కబురు విని పరుగెత్తుకొచ్చిన అర్సేనియో టోపీ తీసి చేత పట్టుకున్నాడు. "నేనే. రంగు గీకలేదు. తప్పు నాది," అన్నాడు. తెగిన మౌంటింగు ఏరుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ బండీ చూడలేదు.

"ముసలాడికి చూపు మందగించింది. ఇక డొమినో బిళ్లలు చూసుకోమను," అని స్టాండులో నవ్వుకున్నారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. ఇన్నిటిలోనూ నన్ను ఎక్కువగా తినేసేది ఆ నవ్వే.

రెండు నెలలకు ఆయనింటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లేరుతున్నాడు.

"కొంపాద్రే, తప్పు నీది కాదు. పగులు చూశాను. చూసే రంగేశాను."

ఆయన లేచి లోపల్నుంచి గుడ్డలో చుట్టిన మౌంటింగు తెచ్చాడు. తెగిన చోట సగం మెరుస్తోంది, సగం నల్లగా ఉంది.

"రంగు పగుల్లోకి దిగింది చూడు. గోడ దగ్గర ఏరుకున్న రోజే చూశాను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని."

ఆ సాయంత్రమే టీచరుకీ, స్టాండులో అందరికీ నిజం చెప్పాను. కొందరు తిట్టారు. టీచరు తలుపు వేసుకుంది. మర్నాటి నుంచి బళ్లు మళ్లీ అర్సేనియో దగ్గర వరస కట్టాయి.

ఈ ఏడు నా బండీ తీసుకెళ్లాను. నా ముందు వాణ్ణి, "చూసుకున్నావట్రా వెల్డింగులు?" అని అడిగి, జవాబు విని, అయినా గీకాడు. నా వంతు వచ్చింది. ఏమీ అడగలేదు. రంపపు ముక్క తీసి, కారు కిందకు వంగుతూ, "కాస్త పక్కకి జరగండి," అన్నాడు.

ఇరవై ఏళ్లలో ఆయన నన్ను మీరు అనడం అదే మొదలు.