ఎడమ తలుపుకు కుడి పిడి

తెలిసీ తెలియని వయసులో చేసిన తప్పులను లోకం క్షమిస్తుంది. ఈ తప్పు చేసేనాటికి నాకు అరవై ఎనిమిదేళ్ళు. కాబట్టి క్షమాపణ అడగను. మీరు నవ్వుకోవడానికి మాత్రం అనుమతి ఇస్తున్నాను. ఒక్క కారు పిడి కోసం నేను విగ్రహాలు పోసే కొలిమిని పొగతో నింపాను, నెమ్మదస్తుడైన మెకానిక్ చేత దండం పెట్టించుకున్నాను, చివరికి లోపలి నుంచైనా చక్కగా తెరుచుకునే తలుపును పూర్తిగా మూయించాను. ఇదంతా సొంత తెలివితో చేసిన పనే. ఇంకొకరి మీద వేయడానికి వీల్లేదు.

నా స్వభావం ముందే చెప్పాలి. ఊరగాయ జాడీకి వాసెన కట్టిన తేదీ, గ్యాస్ బండ మార్చిన తేదీ, పాలవాడు నీళ్ళు ఎక్కువ కలిపిన తేదీ, అన్నీ నాకు నోటికి వచ్చు. నంద్యాలలో మా వీధికి వచ్చే కూరగాయల వాళ్ళు నన్ను చూడగానే తక్కెడ తుడుచుకుంటారు. అది నాకు ఇచ్చే గౌరవమని చాలాకాలం అనుకున్నాను.

మా నాయనకు ఒక పాతకాలపు కారు ఉండేది. రెండే తలుపులు, కప్ప కళ్ళలా ఉబ్బిన దీపాలు. ఆయన పోయాక పంపకాల్లో కారు నాకు, పొలం మా తమ్ముడు శేషుకు వచ్చాయి. "నేల నాకు, తుక్కు అక్కకు" అని వాడు పదిమందిలో నవ్వాడు. ఆ నవ్వుకు నేను పదకొండేళ్ళు వాడితో మాట్లాడలేదు. నవ్విన తేదీ కూడా గుర్తుంది. అడగకండి.

పదకొండేళ్ళ తర్వాత ఆళ్ళగడ్డ నుంచి వాడే ఫోన్ చేశాడు.

"అక్కా, మోకాలికి ఆపరేషన్ అయింది. ఇంగ ఎక్కువ తిరగలేను. నాయన కారులో ఒక్కసారి ముందు సీట్లో కూచోవాలనుంది. వస్తా."

ఆ మాటకు బదులుగా ఏదైనా మంచి మాట అని ఉండవచ్చు. నేను అన్నది ఇది.

"ఆ పక్క తలుపు పిడి ఇరిగింది. బాగు చేయించి పిలుస్తా. అంతవరకు రావద్దు."

"పిడి లేకపోతే ఏందక్కా, లోపల్నుంచి తెరిస్తే తెరుచుకుంటుంది గదా?"

"అట్లా కాదు. సరిగ్గా ఉండాల."

"తుక్కు" అన్నవాడు వచ్చి చూసేసరికి ఆ కారులో వెంట్రుకంత లోపం ఉండకూడదు. అదీ నా పట్టుదల.

నంద్యాలలో పాత కార్లు తెలిసిన మెకానిక్ మహబూబ్ చూసి తల గోక్కున్నాడు.

"ఇట్లాంటి హ్యాండిలు ఇప్పుడు యాడా దొరకదమ్మా. తుక్కు అంగట్లో వేరే కారుది ఒకటుంది, తగిలిస్తా. తలుపు తెరుచుకుంటే చాలు గదా?"

"మా నాయన కారుకు పరాయి పిడి పెడతావా?"

"పిడికి ఇంటిపేరు యాడిదమ్మా!"

ఆ మాటతో అతని మీద నమ్మకం పోయింది. కుడి తలుపుకున్న మంచి పిడిని ఊడదీయించి, ఎడమ తలుపు పిడి ముక్కలు రెండింటినీ ఏరుకొని, అన్నీ సంచిలో వేసుకొని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. ఆ ఊళ్ళో దేవుడి విగ్రహాలు చేసేవాళ్ళకు కొదవ లేదు. దేవుణ్ణి పోయగలవాడు పిడిని పోయలేడా?

వీరాచారి అనే ఆయన లోహపు విగ్రహాలు పోస్తాడు. చేతికంటే నోరు ఎక్కువగా పనిచేసే మనిషి. పిడిని పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు ఇటూ అటూ తిప్పి చూశాడు.

"నా చేత్తో ఎందరు దేవుళ్ళు లేచినారో లెక్కలేదమ్మా. ఇదొక లెక్కా! రెండు తెచ్చినారు, ఏది చూసి చేయాల?"

"ఇరిగినదాన్ని చూసి ఎవరన్నా చేస్తారా? బాగున్నదాన్ని చూసి చెయ్యి."

"అచ్చం ఇట్లే?"

"అచ్చం ఇట్లే. వెంట్రుకంత తేడా వచ్చినా తీసుకోను."

పాఠకులారా, ఈపాటికి మీలో కొందరికి అనుమానం వచ్చి ఉంటుంది. నాకు రాలేదు.

ముందు మైనంతో నమూనా చేస్తారు. దాని చుట్టూ మట్టి మెత్తి, వేడిచేసి మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. మైనం నమూనాను స్కేలు పెట్టి కొలిచి రెండుసార్లు వెనక్కి ఇచ్చాను.

"ఈ కారు చేసిన తెల్లోడు కూడా ఇంత కొలిచిండడమ్మా" అన్నాడు వీరాచారి.

"అందుకే ఇరిగింది" అన్నాను.

పోత రోజు ఇంకో ముచ్చట. విగ్రహం చేయించుకునేవాళ్ళు తమ ఇంటి లోహం కొంచెం కరుగుతున్న ఇత్తడిలో తమ చేత్తోనే వేయడం అక్కడి ఆనవాయితీ. వీరాచారి అలవాటు కొద్దీ నన్నూ పిలిచాడు.

"మీ చేత్తో ఒక ముక్క వెయ్యండమ్మా."

"ఇది దేవుడు కాదు గదప్పా?"

"ఏదైతే ఏంది, పోత పోతే గదా."

ఆనవాయితీ తప్పడం నా వల్ల కాదు. సంచిలో చూస్తే ఇంటి లోహం ఏముంది? విరిగిన పాత పిడి ముక్కలు ఉన్నాయి. నాయన చెయ్యి పడిన లోహం కొత్త పిడిలో కలుస్తుందని మురిసిపోతూ, కళ్ళు మూసుకొని రెండు ముక్కలూ వేసేశాను.

పాతకాలపు పిడులు జింకుతో చేసేవారట. కాగే ఇత్తడిలో జింకు పడితే ఏమవుతుందో ఆ రోజు చూశాను. భగ్గుమని పచ్చటి మంట లేచింది. ఆ వెనకే తెల్లటి పొగ షెడ్డంతా కమ్మింది. ఆ పొగలోంచి దూదిపింజల్లాంటి తునకలు రాలి, నేను పత్తి మిల్లులో పొర్లి వచ్చినట్టు తయారయ్యాను. అందరం దగ్గుతూ వీధిలో పడ్డాం.

"ఏమేసినావమ్మా?"

"ఇంటి లోహం!"

"చెంబో గిన్నో తెచ్చింటావనుకొంటి! జింకు వేస్తారా యెవరన్నా!"

ఇంత జరిగినా పిడి మాత్రం అద్భుతంగా వచ్చింది. పూత పూయించాక నేను తెచ్చిన మంచి పిడి పక్కన పెడితే ఏది ఏదో నాకే తెలియలేదు. బస్సులో ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే, దీనికీ టికెట్ తీసుకోవాలేమో అనిపించింది. ఆ ఉత్సాహంలో ఇంకా బిగించకముందే శేషుకు ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాను.

శనివారం మహబూబ్ ఆ పిడిని ఎడమ తలుపుకు ఆనించాడు. తీశాడు. మళ్ళీ ఆనించాడు.

"అమ్మా, ఇది కుడి తలుపుది."

"కుడిది నా చేతిలో ఉంది."

"అదీ కుడిదే, ఇదీ కుడిదే. ఎడమదానికి వంపు ఇటు కాదు, అటు రావాల. మీ చెప్పులు చూసుకోండి, రెండూ ఒకటే తీరుగా ఉండాయా?"

చెప్పులు చూసుకున్నాను. ఒకటే తీరుగా లేవు.

"ఇరిగింది యాడుందమ్మా? దాన్ని చూసి ఏదో ఒకటి చేస్తా."

"కొలిమిలో."

"కొలిమిలో ఏం చేస్తాంది?"

"పొగై పోయింది."

మహబూబ్ పానా కింద పెట్టి నాకు దండం పెట్టాడు. అప్పటికైనా ఊరుకోవచ్చు. కానీ రేపు శేషు వస్తున్నాడు!

"తలకిందులుగా బిగించు" అన్నాను.

"వద్దమ్మా. లోపల గొళ్ళెం పడిపోతుంది."

"బిగించమంటాంటే!"

బిగించాడు. నేనే తిప్పాను. లోపల ఎక్కడో టక్కుమంది. ఆ తర్వాత ఆ తలుపు బయటి నుంచీ తెరుచుకోలేదు, లోపలి నుంచీ తెరుచుకోలేదు. మహబూబ్ మంచి పిడిని కుడి తలుపుకే తిరిగి బిగించి వెళ్ళిపోయాడు. నేను వీరాచారికి ఫోన్ చేసి అరిచాను.

"ద్వారపాలకులైతే నేనే అడిగేవాణ్ణమ్మా, ఎడమవాడా కుడివాడా అని. మీరు అచ్చం ఇట్లే అంటిరి గదా!" అన్నాడు.

ఆదివారం శేషు ఆటోలో వచ్చాడు. చేతికర్ర పట్టుకొని, చలువ చేసిన పంచె కట్టుకొని. తలకిందుల పిడిని చూసి చిన్నప్పటిలాగే పగలబడి నవ్వాడు.

"ఏందక్కా ఇది, ఆకాశానికి దండం పెడతాంది!"

"ఆ పక్క తెరుచుకోదు. ఈ పక్కనుంచి ఎక్కి జరుగు."

వాడు ప్రయత్నించాడు. స్టీరింగు కింద మోకాలు వంగలేదు. ముఖమంతా చెమట పట్టింది. నేనూ ఆటో అతనూ పట్టి బయటికి లాగాం. వాడు కారు చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ అద్దానికి చెయ్యి అడ్డం పెట్టుకొని, లోపలి సీటును కాసేపు చూశాడు.

"వీరాచారి చెప్పినాడు" అన్నాడు అద్దంలోకే చూస్తూ. "ఈ పిడి కోసం నాలుగుసార్లు వచ్చినావంట. వాని షెడ్డు మా యెనక వీధిలోనే గదా."

"పని మీద వచ్చినా లేరా. పని కాకుండా ఇంటికెట్ల వస్తా?"

"ఊఁ" అన్నాడు. "మా ఇంటి తలుపుకు పిడి బాగానే ఉండె గదక్కా."

కాఫీ పెడతానన్నాను. మందుల వేళయిందని ఆటో ఎక్కాడు. ఆ తర్వాత ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

కాబట్టి, ఇది చదువుతున్న మీరందరూ సాక్షులుగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరోసారి కుడి పిడిని చూపించి ఎడమ తలుపుకు పోత పోయించను. కాగే ఇత్తడిలో జింకు వేయను. ఆళ్ళగడ్డ బస్సు రోజూ మా వీధి మొదట్లోనే ఆగుతుంది. ఆ ఊళ్ళో ఇప్పుడు నాకు పనేమీ లేదు కాబట్టి ఎక్కడం లేదు.