సైరన్ తెలిసిన పిట్ట

కమాన్‌పూర్ దగ్గర ఓపెన్‌కాస్టు గనికి ఆనుకుని ఉంటుంది సారక్క ఇల్లు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగగానే ఆమె కొంగు నడుముకు దోపి, షెల్ఫు మీది గిన్నెలన్నీ నేల మీదికి దించుతుంది. లేకుంటే సైరన్ తర్వాత వచ్చే పేలుడు అదురుకు అవే దిగుతాయి. దించుతూనే ఒక కన్ను వాకిట్లోని నీళ్ల మడుగు మీద వేసి ఉంచుతుంది. వినాయక నిమజ్జనాలు అయ్యాక ఎక్కడి నుంచో బూడిద రంగు పిట్టలు అక్కడికి వలస వస్తాయి. నిలిచిన చోట నిలవకుండా తోక ఆడిస్తుంటాయి. సైరన్‌కే ఊరి గోరింకలు లేచి తుమ్మచెట్టు ఎక్కుతాయి గానీ, కొత్తగా వచ్చిన వీటికి ఆ కూత సంగతి తెలియదు. పేలుడు వినబడ్డాకే బెదిరి లేస్తాయి.

ఈ ఏడు మొదటి పిట్ట ఇవాళ పొద్దున దిగింది. “సూడు, ఇప్పుడు గిదెట్ల బెదురుతదో” అంది సారక్క, నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకుని మధ్యాహ్నం లేచిన భర్త భూపాల్‌తో. సైరన్ మోగింది. గోరింకల కంటే ముందే ఆ పిట్ట లేచి తుమ్మకొమ్మ మీద వాలింది.

సారక్క వాకిట్లోనే నిలబడిపోయింది. “గిది నిరుడొచ్చిందే గావచ్చు. ఎంత దూరం పోయొచ్చిందో, అయినా యాది మర్వలే.”

“గిన్నెలు దించినవా?” అని భూపాల్ అడిగేలోపే నేల అదిరింది. లోపల గిన్నెలు దడదడ దొర్లాయి. సారక్క మాత్రం తల తిప్పలేదు.