కాక మీదేసుకున్న తప్పు

మొన్న సోమవారం పొద్దున పళ్లు తోముకుంటుంటే ఫోన్ వచ్చింది. “అన్నా, టైర్ల కాక పోయిండు. తెల్లారంగ గుండెల నొప్పి లేసిందట, దవాఖానకు తీస్కపోయేటాలకే అయిపోయింది,” అన్నాడు మా ఊరి ఆటో అతను. బ్రష్షు నోట్లోనే ఉంది. కాకకు నేను చెప్పవలసిన మాట ఒకటి ఐదు నెలలుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇక అది ఎవరికి చెప్పాలో తెలియలేదు.

కోరుట్లలో బండికి గాలి కొట్టించుకున్నవాళ్లలో చాలామందికి ఆయన తెలిసే ఉంటాడు. ఆయనకు నాకు చుట్టరికం లేదు. అందరూ కాక అంటారు కాబట్టి నేనూ కాక అన్నాను. పడుచుతనంలో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడట. ఒకసారి నడుముకు కట్టుకున్న మోకు తాడు జారి కిందపడి మోకాలు దెబ్బతిన్నాక టైర్ల పని పట్టుకున్నాడు. ఆ మోకును పారేయలేదు. షాపులో పాత టైర్లను గోడకు కట్టింది దానితోనే. “నన్ను పడగొట్టింది గదా, ఇగ ఇక్కడనన్న నిమ్మళంగ ఉండనీ,” అనేవాడు. గాలి నింపాక వాల్వు మీద ఉమ్మి వేలితో రాసి, బుడగ లేస్తుందేమోనని కళ్లు చికిలించి చూసేవాడు. ఎంత తొందరున్న మనిషైనా ఆ బుడగ సంగతి తేలేదాకా ఆగాల్సిందే. “గాలి కండ్లకు కనవడది కొడుకా. మనమే ఆగి సూడాలె,” అనేవాడు.

నేను దుబాయిలో పద్నాలుగేళ్లు ఏసీలు బాగుచేసి వచ్చి, హైదరాబాదులో ఒక విదేశీ కారు సెకండ్ హ్యాండుది కొన్నాను. దానికి రన్‌ఫ్లాట్ టైర్లు. పక్క గోడలు మందంగా ఉండి, గాలి పోయినా బండిని మోస్తాయి. అందుకే డిక్కీలో స్టెప్నీ ఉండదు. నాకు అదొక గొప్ప. మా జగిత్యాల బావకైతే కనపడినప్పుడల్లా చెప్పేవాణ్ణి, గాలి లేకున్నా ఎనభై కిలోమీటర్లు పోతుందని. ఆ గొప్పలో చెప్పని భాగం ఒకటుంది. ఆ టైర్లు రాయిలా గట్టివి. కథలాపూర్ రోడ్డు మీద ఒక్కో గుంతకు మా అమ్మ నడుము పట్టుకుని మూలిగేది. బస్సులో పోతాను గానీ నీ కారు ఎక్కనంది చివరికి.

టైర్లు అరిగాక కాక దగ్గరికి పోయాను. ఆయన అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించి, నాతో అన్నాడు: “ఎప్పుడో ఒకపారి అయ్యే పంక్చరు కోసం ముసలామె నడుం దినాం విరగ్గొడ్తవా? మామూలు టైర్లు ఏయించుకో.” వేశాడు. తిరిగి వస్తుంటే అమ్మ వెనక సీట్లో నిద్రపోయింది. ఆ కార్లో ఆమె నిద్రపోవడం అదే మొదటిసారి.

పంపించేముందు కాక డిక్కీలో ఒక చిన్న గాలి పంపు పెట్టి, నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. “ఇగ నీ పాత అలవాటు ఇడిచిపెట్టు కొడుకా. గాలి తగ్గిందని ముంగట లైటు ఎలిగిందంటే అక్కడ్నే ఆగు. గాలి కొట్టుకో, పో. ఇవి గాలి మీద నడిచే టైర్లు.” సరేనన్నాను. టైర్లు మార్చిన సంగతి మాత్రం బావకు చెప్పలేదు. గొప్ప తగ్గిపోతుందని.

బావ కూతురు, మా మేనకోడలికి సిరిసిల్లలో సంబంధం కుదిరేలా ఉంది. అబ్బాయి ఇల్లు చూడటానికి బావనూ, ఇద్దరు పెద్దమనుషులనూ నా కారులో తీసుకుపోతున్నాను. రుద్రంగి దాటాక లైటు వెలిగింది. ముందు సీట్లో ఉన్న బావ అడగనే అడిగాడు, “ఏందిరా, ఎర్రగ ఎలుగుతాంది?” ఆగి పంపు తీస్తే అయిపోయేది. ఏడాదిగా కొట్టిన డప్పు అడ్డం వచ్చింది. “ఏంగాదు బావా, గాలి లేకున్నా పోతది గీ బండి,” అన్నాను. పోయింది కూడా, కొంత దూరం. కోనరావుపేట దగ్గరికొచ్చేసరికి కాలిన రబ్బరు వాసన, కింద నుంచి దడదడ. దిగి చూస్తే టైరు పీలికలై, రిమ్ము రోడ్డుకు ఆనింది.

కాకకు ఫోన్ చేస్తే ట్రాలీ ఆటోలో టైరు, రిమ్ము వేసుకుని ఆ మోకాలితోనే వచ్చాడు. ఆయన దిగీ దిగకముందే, బావ వినేటట్టు నోరు పారేసుకున్నాను: “నువ్వేసిన టైర్లు గిట్లనేనా కాకా? పెద్దమనుషుల ముంగట నా ఇజ్జత్ తీసినవ్.” కాక చిరిగిన టైరులో చెయ్యి పెట్టి తీశాడు. అరచేతి నిండా నల్లటి రబ్బరు పొడి, గాలి లేకుండా తోలితే రాలేది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు, బావను చూశాడు. లుంగీకి చెయ్యి తుడుచుకుని, “నా చేతి తప్పే అయ్యుంటది,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. నేను కూడా చూడలేదు.

సంబంధం ఖాయమైంది. దాంతోపాటు బావ నోటి పుణ్యమా అని, టైర్ల కాక కార్లకు నాసిరకం టైర్లు వేస్తాడన్న మాట కూడా జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఖాయమైంది. కాక షాపు ముందు కార్లు ఆగడం తగ్గింది. బావకు నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. రేపు, ఎల్లుండి అనుకున్నాను. ముఖం చెల్లక గాలి కొట్టించుకోవడానికి జగిత్యాల పోవడం మొదలుపెట్టాను. గాలి కోసం అంత దూరం పోయే మనిషిని మీరెక్కడా చూసి ఉండరు.

ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు. “కొత్త రిమ్ము ఎక్కిచ్చినం గదా, నట్లు ఒక్కపారి సూడాలె. తీరినప్పుడు రా కొడుకా.” వస్తానన్నాను. పోలేదు.

సోమవారం పోయాను. షాపు వెనకే ఇల్లు. వాకిట్లో పడుకోబెట్టారు. తలదగ్గర ఆయన భార్య, చిన్నమ్మ కూర్చుని ఉంది. పక్కన కూలబడి, “చిన్నమ్మా, ఆ టైరు కాక తప్పు కాదు. లైటు ఎలిగినా నేనే ఆగలే,” అన్నాను.

“ఎర్కేరా,” అంది ఆమె. “గా దినమే జెప్పిండు. గాలి లేకుంట తోలిండు, బావ ముంగట పిలగాడు చిన్నగైతడని నేనే మీదేసుకున్న అన్నడు. ఏనాడన్న అచ్చి చెప్తడు తియ్ అన్నడు.” కాక ముఖం మీది ఈగను తోలింది. “కారు సప్పుడైతే సూసేటోడు.”

అక్కడ కూర్చోలేకపోయాను. బయటికొస్తే షాపు ముందు ఒక లారీ ఆగి హారన్ కొడుతోంది. డ్రైవరు దిగి, మూసిన షట్టరును తట్టి, నన్ను అడిగాడు: “కాక లేడా?”

“పోయిండు. పొద్దుగాల్ల.”

అతను తలపాగా తీసేశాడు. “పాపం. లారీ టైర్లల్ల మంచి చెయ్యి. కార్లయే సక్కగ రావంటరు గని.”

“వస్తయి,” అన్నాను. “గా కారు నాదే. టైరు చెడగొట్టింది నేను.”

అతను నన్ను ఎగాదిగా చూశాడు. లారీ ఎక్కి ఇంజన్ ఆపి, చెప్పులు నా పక్కనే విడిచి, ఉత్త కాళ్లతో కాక దగ్గరికి పోయాడు.