చెయ్యెత్తిన ఫిట్టరు

నేను జపాన్ వెళ్లొచ్చానని తెలిసినవాళ్లు మా గరాచర్మ వీధిలో ఇప్పటికీ ఒకటే అడుగుతారు. వాళ్లు అంత బాగుపడ్డారు, మనం ఎందుకిలా ఉన్నామని. నేను ఉన్నది మూడు నెలలు. చూసింది సముద్రం పక్కన ఒక చిన్న ఊరు, అందులో ఓడలు కట్టే ఒక యార్డు. ఆ మాత్రానికే దేశాల తలరాతలు చెప్పేంత వాణ్ని కాను. ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. అది చెప్పాలంటే ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. అందుకే చాలా ఏళ్లు అక్కడి చలి గురించి, పచ్చి చేపల గురించి చెప్పి తప్పించుకున్నాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఓడెక్కి ఈ దీవులకు వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, బోట్ల ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాను. నాకు పని నేర్పిన మేస్త్రీ మా నాన్న స్నేహితుడు. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనలో మా వెనక బెంచీలో కూర్చుని, మా అందరి గొంతుల్నీ మింగేసేంత గట్టిగా పాడేవాడు. చుట్టరికం లేకపోయినా బాబాయ్ అనే పిలిచేవాణ్ని.

ఆయనకో అలవాటుండేది. డీజిల్ ట్యాంకు కడిగేటప్పుడు లోపలికి ఎన్ని గుడ్డలు వెళ్తే అన్నీ బయటికి రావాలి. అందరికీ వినపడేలా లెక్కపెట్టేవాడు. "ఐదు లోపలికి." పని అయ్యాక, "ఐదు బైటికి. ఇప్పుడెయ్యి మూత." ఆ లెక్క ఆయన తప్ప ఎవరూ పెట్టకూడదు. మేం చాటుగా ఆయన గొంతు అనుకరించి నవ్వుకునేవాళ్లం.

ఒకసారి హోప్ టౌన్‌కి జనాన్ని దాటించే ఫెర్రీ ట్యాంకు కడగాల్సి వచ్చింది. మద్రాసు నుంచి ఓడ రావడం ఆలస్యమై వర్క్‌షాపులో తుడుచుకోవడానికి నూలుపీచు కూడా లేదు. మా ఇంట్లో పాత దుప్పటి తెచ్చి చింపి ఇచ్చాను. బాబాయ్ ఆరు ముక్కలు లెక్కపెట్టాడు. నేను ట్యాంకులోకి దిగాను. అడుగున ఇంజనుకి డీజిల్ పోయే గొట్టంలోకి మడ్డి పోకుండా అడ్డం పెట్టడానికి చిన్న గుడ్డ కావలసి వచ్చింది. చేతిలో ఉన్నదాన్నే రెండుగా చింపి, ఒక సగం గొట్టంలో కుక్కాను. చింపానని పైకి ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. సాయంత్రం గుడ్డలు అందిస్తే బాబాయ్ లెక్కపెట్టాడు. ఆరు వచ్చాయి. మూత వేశాడు.

రెండు రోజులు ఆ గుడ్డలోంచే డీజిల్ ఎలాగో ఊరుతూ వచ్చింది. మూడో రోజు ఉదయం, జనంతో నిండిన ఫెర్రీ సరిగ్గా మధ్యలో ఆగిపోయి రాళ్లవైపు కొట్టుకుపోసాగింది. ఒడ్డున నిలబడి చూశాను. ఆడవాళ్ల కేకలు ఒడ్డుదాకా వినిపించాయి. వేరే లాంచీ వెళ్లి తాడు కట్టి లాక్కొచ్చింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ట్యాంకు తెరిస్తే నీలం చార దుప్పటి ముక్క బయటపడింది. చూడగానే నాకు అర్థమైపోయింది. "మూత వేసిందెవరు?" అని ఆఫీసరు అడిగాడు.

"నేనే సార్. లెక్క నాదే," అన్నాడు బాబాయ్.

నేను పక్కనే ఉన్నాను. ఉద్యోగం పర్మనెంటు కావడానికి ఇంకా రెండు నెలలుంది, మా ఆవిడకి ఏడో నెల. ఈ రెండూ నిజమే, రెండూ సాకులే. భయపడ్డాను, అంతే. బాబాయ్‌ని దీవుల ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్‌కి బదిలీ చేశారు. ఆయన వెళ్లిన రోజు ట్రంకుపెట్టె ఓడదాకా నేనే మోశాను. "దేవుడు నిన్ను సల్లగా సూడాలిరా," అన్నాడు. ఆ మాట తర్వాత చాలాకాలం ఆయన పాడే పాటలు నేను నోరు తెరిచి పాడలేకపోయాను.

పదకొండేళ్లు గడిచాయి. మా దీవులకి కొత్త ఫెర్రీ జపాన్‌లో కడుతుంటే ఇంజను పని చూసి నేర్చుకోమని మమ్మల్ని ఇద్దరిని పంపారు. నాతో వచ్చిన బెంగాలీ దాదా ఇంజను డ్రైవరు. ఆ దేశం ఎందుకు బాగుపడిందో మొదటి వారంలోనే తేల్చేశాడు. "ఇక్కడ చలి, భయ్యా. పని చెయ్యకపోతే గడ్డకట్టి చస్తారు. మన దగ్గర కొబ్బరిచెట్టు కింద పడుకుంటే, కాయే వచ్చి నెత్తిమీద పడి లేపాలి." నేనేమో యంత్రాలే కారణమనుకున్నాను. వాళ్ల పనిముట్లు చూసి కళ్లు కుట్టిన మాట నిజం.

రెండో నెలలో ఒక ఉదయం పని మొదలవకముందు అందరూ వరసగా నిలబడ్డారు. రోజూ అలాగే నిలబడి, ఫోర్‌మన్ చెప్పింది విని కదిలేవారు. ఆ రోజు యాభై ఏళ్ల ఫిట్టరొకాయన చెయ్యెత్తి ఏదో అన్నాడు. ఫోర్‌మన్ వెంటనే ఆ రోజు పని మొదలుకాకుండా ఆపాడు. పైనుంచి బిగించిన పలకలన్నీ విప్పించి, లోపలెక్కడో ఒక గొట్టం అతుకు చూడమన్నాడు. సగం రోజు పోయింది. ఏమైందని మా దుబాసీని అడిగాను.

"నిన్న ఒక నట్టు గట్టిగా బిగించానో లేదో గుర్తు లేదని చెప్పాడు."

చివరికి చూస్తే నట్టు గట్టిగానే ఉంది. మా వర్క్‌షాపులో అయితే ఈ కథ ఆరు నెలలు నవ్వుకోవడానికి సరిపోయేది. అక్కడ ఎవరూ నవ్వలేదు. ఫోర్‌మన్ ఆయన ముందు తల వంచాడు.

"ఆయన్ని ఏమీ అనరా? మెమో ఇవ్వరా?" అన్నాను. దుబాసీకి నా ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి అడిగాను. "ఎందుకు? ఆయనే చెప్పాడుగా," అన్నాడు.

వాళ్లందరూ సత్యవంతులని చెప్పడం లేదు. అక్కడా దొంగలుంటారు, పని ఎగ్గొట్టేవాళ్లూ ఉంటారు. కాని తప్పు చేసినవాడు మర్నాడు పొద్దున నిలబడి చెప్పగలిగిన చోట ఓడ మునగదు. చెప్పడానికి భయపడే చోట యంత్రాలెన్ని తెచ్చినా లోపల ఎక్కడో ఒక గుడ్డ ఉండిపోతుంది. దేశాల గురించి నేను నేర్చుకున్నది అంతే. ఆ ఫిట్టరుకు ఒక్క రాత్రి పట్టింది. నాకు పదకొండేళ్లయినా నోరు రాలేదు.

తిరిగొచ్చిన వారానికే డిగ్లీపూర్ ఓడెక్కాను. దారంతా నాకొక ధైర్యం ఉంది. బాబాయ్‌కి అంతా తెలుసని, తెలిసే నన్ను కాపాడాడని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. ఆయన పెద్దమనసు మీద నేను హాయిగా పడుకున్నాను.

పొలం గట్టున ఇల్లు. పిన్ని బిందెతో నీళ్లు మోస్తోంది. పక్కనే పంపుసెట్టు మూగగా ఉంది.

"పంపు కరాబైంది నాన్నా. బజారు నుంచి మెకానిక్కు రావాల," అంది.

"బాబాయ్ ఉండగా మెకానిక్కు ఎందుకు పిన్నీ?"

"ఆయన ముట్టుకోరు. ఇక్కడికొచ్చిన ఏడాదికే నౌకరీ వొదిలేశారు. నట్టు తిప్పమన్నా తిప్పరు. జనాన్ని సంపేసేవోణ్నే, నా లెక్క మీద నాకు భరోసా లేదంటారు."

ఆయనకు తెలియదు. ఇన్నేళ్లూ తన లెక్కే తప్పిందని నమ్మాడు.

బాబాయ్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంతోషంగా లేవబోయాడు. కుశలప్రశ్నలకి ఆగితే మళ్లీ నోరు మూసుకుంటానని, నిలబడే చెప్పేశాను. "బాబాయ్, ఆ రోజు గల్తీ నాది. ట్యాంకులో ఒక గుడ్డని రెండుగా చింపాను. నీకు చెప్పలేదు. నీకు ఆరే వచ్చాయి, నువ్వు సరిగ్గానే లెక్కపెట్టావు."

లేవబోయినవాడు మళ్లీ అరుగు మీద కూలబడ్డాడు.

"అప్పుడే సెప్పాల కదరా! నేనేటి, నిన్ను కొరికేస్తానా?" అని అరిచాడు. లోపలికి తిరిగి, "ఏమే, ఇలా రా. ఆ రోజు నా లెక్క తప్పలేదంట," అన్నాడు. పిన్ని బిందె దించి వచ్చింది. నా వైపు చూసిన ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ఏదో అనబోతుంటే బాబాయే ఆపాడు. "వోణ్ని ఏటీ అనకు. ఇంత దూరం వొచ్చి సెప్పాడు."

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు, తొయ్యనూ లేదు.

మధ్యాహ్నం పిన్ని ఇద్దరికీ అన్నం పెట్టింది. చేపల పులుసు కలుపుతూ బాబాయ్ ముద్ద మధ్యలో ఆపాడు.

"ఖచ్చితంగా ఆరేనా?"

"ఆరే బాబాయ్."

"ఆరే," అని పిన్నికి చెప్పాడు.