పెరెన్నియల్ అని అమ్మిన మల్లెతీగ

2022 మే నెల. అప్పుడు నేను కెనడాలోని ఎటోబికోలో, మొక్కలు అమ్మే ఒక గార్డెన్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. రిచ్‌మండ్ హిల్ నుంచి మాకు తెలిసిన సుజాత ఆంటీ, అంకుల్ వచ్చారు. ఆంటీ చేతిలోని కవర్లో వేళ్ళతో సహా తవ్వితీసిన మల్లెతీగ, నిలువునా ఎండిపోయి ఉంది.

"ఇక్కడే కొన్నానమ్మా. పోయినేడాదీ ఇంతే. మీ బోర్డు చూసి నేలలో నాటాను, మంచు పడకముందే చుట్టూ ఎండాకులు కప్పాను," అన్నారు.

అంకుల్ నవ్వారు. "మా ఆవిడ చెయ్యి అలాంటిదమ్మా, ఏదీ బతకదు. ప్లాస్టిక్ పూలు కొనుక్కోమంటే వినదు."

ఆంటీ కూడా నవ్వబోయారు గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిజమేనేమో. ఇంక కొనను."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా బోర్డు మీద 'పెరెన్నియల్' అని ఉంది, అంటే ఏటేటా మళ్ళీ చిగురించేది. మల్లె అలా చిగురించేది వేడి ప్రాంతాల్లో. ఏ మొక్క ఎంత చలికి ఆగుతుందో చెప్పే కొలత హార్డినెస్ జోన్. అది లేబుల్ మీద ఉంటుంది. మా మేనేజర్ సరిగ్గా దాని మీదే ధర స్టిక్కర్ వేయించాడు.

వెళ్ళి అడిగాను. "ఎక్కడో ఒకచోట పెరెన్నియలే కదా? చచ్చిపోతేనేగా మళ్ళీ కొంటారు," అన్నాడు, తడుముకోకుండా.

తిరిగొచ్చి అందరి ముందే ఆ బోర్డు పీకేశాను. "అంకుల్, ఆంటీ చెయ్యి మంచిదే. అబద్ధం చెప్పింది మా బోర్డు. ఈ నేలలో మల్లె చలికాలం దాటదు. కుండీలోనే పెంచండి ఆంటీ. వేసవి దాటి రాత్రుళ్ళు చల్లబడగానే లోపలికి తెచ్చి, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టండి. హీటర్ గాలి తగలనివ్వకండి. మట్టి పైన ఆరాకే నీళ్ళు పోయండి."

ఆంటీ కాసేపు ఆలోచించి, ఇంకో మొక్క తీసుకున్నారు.

మరుసటి వారం నన్ను బయట మట్టి బస్తాలు సర్దే పనికి మార్చారు. బోర్డు మళ్ళీ లేచింది. సీజన్ అయ్యాక మానేసి, కిచెనర్ అనే ఊళ్ళో ఒక గ్రీన్‌హౌస్‌లో చేరాను.

తర్వాతి వేసవిలో ఆంటీ ఫోన్ చేశారు. మొగ్గలొచ్చాయట. వెనక నుంచి అంకుల్ గొంతు: "ఈసారి లక్కీగా బతికింది!"

"లక్ ఏంటండీ? నేను బతికించుకున్నాను," అన్నారు ఆంటీ గట్టిగా.

ఇప్పుడు ఎవరైనా ఎండిన తీగ పట్టుకొచ్చి తమను తాము తిట్టుకుంటుంటే, ఎలా పెంచారని ముందు అడగను. ఏమని చెప్పి అమ్మారని అడుగుతాను.