అత్తమ్మ కడుపునొప్పి

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, మా నాయనకు కాపలా ఉండేదాన్ని. ఆయన సూర్యాపేట మార్కెట్లో ధాన్యం కాంటా వేసేవాడు. తాగుడు మాన్పించడానికి హైదరాబాదు దవాఖానలో నెల్లాళ్లు ఉంచి తీసుకొచ్చారు. ఒంటరిగా వదలొద్దని డాక్టరు చెప్పాడట. అందుకని అమ్మ నన్ను ఆయన వెంట తిప్పింది. నాయన కటింగు షాపుకు పోతే నేనూ పోయి గడపలో కూర్చునేదాన్ని. కాసేపు కనబడకపోతే లేచి వెతికేదాన్ని. నేను కాపలాకే వస్తున్నానని ఆయనకు తెలుసు. ఒక్కోసారి వెనక్కి తిరిగి చూసేవాడు, అంతే. ఆ చూపు తట్టుకోలేక తల దించుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో మిర్యాలగూడలో నాయన స్నేహితుడి కూతురి పెళ్లి వచ్చింది. మేము కష్టంలో ఉన్నప్పుడు ఇంటికి బియ్యం పంపిన మనిషి. పోకుండా ఉండలేం. అమ్మకేమో జ్వరం. కోదాడలో ఉండే మా మేనత్త, నాయనకు అక్క, తోడు వస్తానంది. "కన్ను తిప్పకు బిడ్డా" అని అమ్మ నా చెవిలో చెప్పి పంపింది.

తలంబ్రాలు చూస్తూ ఒక్క క్షణం మైమరిచాను. తిరిగి చూస్తే నాయన లేడు. పందిరంతా వెతికాను. వంటలు చేసేచోటు వెనుక పాత దోస్తులు నలుగురు చాప మీద కూర్చున్నారు, మధ్యలో నాయన. ముందర నిండు గ్లాసు. చేయి మోకాలి మీదే ఉంది కానీ చూపు గ్లాసు మీద ఉంది. "పెండ్లి గదరా, ఒక్కటే" అంటున్నాడొకాయన. అత్తమ్మ దగ్గరికి పరుగెత్తి చెప్పాను.

ఆమె కేకలేస్తుందనుకున్నాను. పొట్ట పట్టుకుని, వంగి నడుస్తూ చాప దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, కడుపుల మెలిపెడుతుందిరా. నిలబడలేకపోతున్న. జర బస్టాండు దాక తోల్కపో."

నాయన ఆమె ముఖంలోకి చూశాడు. చివరికి గ్లాసు పక్కకు జరిపి లేచాడు. ఆ దోస్తులే "పోరా, అక్కను సూస్కో" అని దారిచ్చారు.

బస్సు కదిలాక అత్తమ్మ సంచిలోంచి అరటిపండు తీసి ఆయన చేతిలో పెట్టింది. "పొద్దటి సంది ఏం తినలే నువ్వు."

నాయన పండు ఒలవలేదు. "నీ కడుపు మంచిగనే ఉంది గదక్కా?"

"మంచిగనే ఉంది."

"లేవాలనే ఉండె అక్కా. ఏమని చెప్పి లేవాల్నో తెల్వలే" అంటూ ఏడ్చేశాడు.

"ఇగ ఎప్పుడైనా గిట్లయితే అక్కకు కడుపు నొస్తుందని చెప్పి లేచి రా. నేను కోదాడల ఉన్నా సరే" అంది అత్తమ్మ.

కిటికీ పక్కన ముడుచుకుని అంతా విన్నాను. ఇన్నాళ్లూ ఆయన ఎప్పుడు పడిపోతాడా అనే చూశాను. లేవడానికి దారి వెతుక్కుంటున్నాడని నాకు తోచనే లేదు.

తర్వాతి ఏడాది నాయన ఒకసారి మళ్లీ తాగుడులోకి జారాడు. రెండు రోజులు ఇంటికే రాలేదు. మూడోనాడు వస్తే, కబురు విని కోదాడ నుంచి వచ్చి ఉన్న అత్తమ్మ, ఎక్కడున్నావని అడగకుండా అన్నం వడ్డించింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ తర్వాత పోయేదాకా ముట్టలేదు.

ఇప్పుడు నా తల నెరిసింది. పెళ్లిళ్లలో కొత్తగా తాగుడు మానినవాళ్లెవరైనా కనిపిస్తే వెళ్లి పక్కన కూర్చుంటాను. తాగారా అని అడగను, తిన్నారా అని అడుగుతాను. వాళ్ల చూపు గ్లాసు వైపు లాగుతోందని అనిపిస్తే నా మోకాలు పట్టుకుని, నొప్పిగా ఉంది, కాస్త ఇంటిదాకా దింపమంటాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.